అక్షరాల కింద ఎండ తగలని చోటు

పదకొండేళ్ల కిందట, డీర్ పార్క్‌లో, ఈ షెడ్డులోనే
ఆ కాంక్రీటు లారీ డ్రమ్ము మీద
కంపెనీ పేరు కత్తిరించి అంటించింది నేనే.
బారెడు అక్షరాలు, ముదురు నీలం.
కింద పసుపు రంగు జారెన్ డబ్బుతోనే,
నా కూలీ జారెన్ డబ్బుతోనే.
పేరొక్కటే వాళ్లది.

ఇవాళ పొద్దున్నే మళ్ళీ వచ్చాడు.
ఒక చేతిలో నూనె ఓడుతున్న పస్టిజ్జీల పొట్లం,
రెండో చేతిలో కాగితం.
"ఏడు రోజుల్లో పేరు తీసెయ్యాలట, నా ఖర్చుతోనే.
పద్నాలుగో షరతు. చదువు తెరెజా."
చదవలేదు.
ఈ ఏడాది నా బల్ల మీదికి వచ్చిన నాలుగోది ఇది.
అన్నిటికీ అదే మడత.

"బండి నీది, వ్యాపారం నీది, నీకు నువ్వే యజమానివి"
అన్నారట సంతకం రోజున.
యజమానికి సెలవు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి.
యజమాని చొక్కా రంగు వాళ్లు చెప్పాలి.
ప్లాంటు గేటు ముందు మూడు గంటలు లైన్లో ఉంటే
ఆ మూడు గంటలూ యజమానివే.
ఇంకో కంపెనీకి ఒక్క ట్రిప్పు తోలాడా,
అప్పుడు బండి వాళ్లది.

ఒక జనవరిలో, ఫుట్‌స్క్రేలో క్రేను చెడి
పోత ఆగిపోయింది. నలభై రెండు డిగ్రీలు.
ఫోన్ చేస్తే అక్కడే ఉండమన్నారు. ఉన్నాడు.
కాంక్రీటు ఎవరి మాటా వినదు.
ఆదివారం డ్రిల్లు పట్టుకుని
గడ్డకట్టిన డ్రమ్ములోకి తనే దూరాడు.
బయట దోలోరెస్
పది నిమిషాలకోసారి రేకు మీద తట్టేది,
లోపల్నించి జవాబు తట్టేదాకా
ఊపిరి బిగబట్టుకుని నిలబడేది.
సోమవారం బిల్లులో కోత వచ్చింది:
పాడైన సరుకు, ఆరు ఘనపు మీటర్లు.

నిరుడు ఇంజను మార్చమన్నారు, కెమెరాలు పెట్టమన్నారు.
ఇల్లు బ్యాంకు కింద పెట్టాడు.
వాయిదాలు అయిదేళ్లు.
నోటీసు తొంభై రోజులు.

నాలుగో అంతస్తులో రాజీ గదికి
ఆరుగురు డ్రైవర్లు బూట్లకి పాలిష్ వేసుకుని వెళ్లారు.
కంపెనీ లాయరు చిన్న కుర్రాడు, మంచివాడేనట,
అందరికీ తనే గ్లాసుల్లో నీళ్లు పోశాడు.
"సంతకం మీదే కదండీ" అన్నాడు మెల్లగా.
"అవును" అన్నాడు జారెన్.
"పెన్ను కూడా నాదే."
ఎవరూ నవ్వలేదట.

వేడిగాలి పెట్టి అక్షరాలు ఒలిచాను.
ఒక్కోటీ ఎండిన తోలులా లేచి వచ్చింది.
అప్పుడు చూశాం ఇద్దరం.
చుట్టూ పసుపు ఎండకి గంజిలా పాలిపోయింది.
అక్షరాలున్న చోట మాత్రం
మొదటి రోజు పసుపు, తడి ఆరనట్టు.
పీకేసిన పేరు
మునుపటికంటే బాగా కనబడుతోంది.

"మొత్తం రంగు వెయ్యాలి జారెన్, తొమ్మిది వేలవుతుంది."
నవ్వాడనుకున్నాను. దగ్గు.
తర్వాత ఫోన్ తీసి వెనక్కి నడిచి
డ్రమ్ము మొత్తం పట్టేలా ఫొటో తీసుకున్నాడు.
"ఎవరి బండి అని అడిగారుగా అక్కడ.
పదకొండేళ్లు ఎవరి పేరు మోసిందో
ఇదిగో, ఎండ రాసిచ్చింది."

ఇది సాక్ష్యంగా చెల్లుతుందో లేదో నాకు తెలీదు.
చెల్లదనే అనుకుంటా.
ఎండ ఎక్కడా సంతకం పెట్టలేదు.

"డబ్బులు తర్వాత చూద్దాంలే" అన్నాను.
తర్వాత అనేది వాళ్ల మాట.
నా నోట్లోంచి వచ్చాక సిగ్గేసింది.

పొట్లం నా బల్ల మీదే వదిలేసి బండెక్కాడు.
మలుపు దగ్గర చూశాను,
డ్రమ్ము తిరుగుతోంది.
లోపల గట్టిపడటానికి ఏమీ లేదు.
అలవాటు.